మెడలో, వెన్నులో గుచ్చుకున్న గాయాలు: ఎప్పుడు ఏ దారి పట్టాలి?

మెడకు దెబ్బ తగిలిందంటే చాలు, మెడ కదలకుండా పట్టే కాలర్ తీసి చుట్టేయడం అంబులెన్సులోనూ క్యాజువాలిటీలోనూ చేతికి అలవాటైపోయిన పని. కారు గుద్దినవాడికి అది సరే. కత్తి దిగినవాడికి, ఇనుప ఊచ గుచ్చుకున్నవాడికి, సంక్రాంతి పూట చైనా మాంజా గొంతు కోసినవాడికి అదే పని ప్రాణం మీదికి తేవచ్చు. మొద్దు దెబ్బల్లో భయమంతా వెన్నుపూసలు జారి వెన్నుపాము నలుగుతుందేమోనని. పదునైన గాయంలో మనిషిని ముందుగా తీసుకుపోయేవి నెత్తురు, ఊపిరి. పూసలు నిలకడ తప్పడం చాలా అరుదు. కింద చెప్పబోయే ఎంపికలన్నీ ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి. ఇది ఏరియా ఆసుపత్రుల డ్యూటీ డాక్టర్లు, హౌస్ సర్జన్లు, స్టాఫ్ నర్సులు, అంబులెన్సు సిబ్బంది కోసం రాసింది. మొదటి భాగం మాత్రం ఎవరికైనా పనికొస్తుంది.

గాయం జరిగిన చోట: పీకాలా, ఉంచాలా?

ఉంచాలి. కత్తి అయినా, మేకు అయినా, ఊచ అయినా లోపల దిగబడి ఉన్నంతసేపు తెగిన రక్తనాళానికి అదే అడ్డు. పీకిన క్షణంలో ఆ అడ్డు తొలగిపోతుంది. వెన్నులో దిగిన కత్తిని అటూ ఇటూ ఆడించి లాగితే, అప్పటిదాకా సగమే తెగిన వెన్నుపాము పూర్తిగా తెగొచ్చు. వస్తువుకు రెండు పక్కలా గుడ్డ చుట్టలు పెట్టి, కదలకుండా ప్లాస్టర్ వేయండి. ఊచ పొడుగ్గా ఉండి బండి ఎక్కించడం కుదరకపోతే, ఒంటికి దగ్గరగా ఒకరు గట్టిగా పట్టుకుని ఉండగా దూరంగా కోయించాలి. కట్టర్ వేడి ఇనుము గుండా లోపలికి పాకుతుంది కాబట్టి కోస్తున్నంతసేపూ నీళ్లు పోస్తూ ఉండాలి. దీనికి మినహాయింపు అరుదు: గుండె ఆగి ఛాతీ నొక్కడానికి గానీ, ఊపిరి దారికి గానీ ఆ వస్తువే అడ్డమైనప్పుడు.

నెత్తురు కారుతుంటే వేళ్లతో నొక్కడమా, కట్టు కట్టడమా? మెడకు చుట్టూ కట్టు కట్టడం ఉరి బిగించడంతో సమానం. రక్తం చిమ్మే చోటే రెండు వేళ్లతో, పలచని కట్టుగుడ్డ (గాజ్)తో సూటిగా నొక్కి పట్టాలి. అయిదు నిమిషాలకోసారి ఎత్తి చూడకూడదు. చేయి తప్పించక తప్పని పరిస్థితి వస్తే, గాయం మీద మందంగా గుడ్డ పెట్టి, బ్యాండేజీని గాయం లేని వైపు చంక కింద నుంచి తిప్పి కట్టండి. అప్పుడు గొంతు మీద ఒత్తిడి పడదు. మెదడుకు రక్తం తీసుకెళ్లే రెండు వైపుల కారోటిడ్ ధమనులను ఒకేసారి ఎప్పుడూ నొక్కకూడదు.

పడుకోబెట్టాలా, కూర్చోబెట్టాలా అనేది ఇంకాస్త చిక్కు ప్రశ్న. మెడలోని పెద్ద సిర (జుగులర్) తెగి, ఊపిరి పీల్చినప్పుడల్లా గాయంలోంచి సుయ్‌మనే చప్పుడు వస్తుంటే గాలి నేరుగా గుండెకు చేరే ప్రమాదముంది. అలాంటప్పుడు తల దిగువకు ఉండేలా పడుకోబెట్టి, వ్యాజలీన్ రాసిన కట్టుగుడ్డ గానీ శుభ్రమైన ప్లాస్టిక్ ముక్క గానీ గాయం మీద అదిమి పెట్టాలి. కానీ నోటి నిండా నెత్తురు వస్తూ ఉక్కిరిబిక్కిరి అవుతున్నవాణ్ని వెల్లకిలా పడుకోబెడితే తన నెత్తుట్లోనే తను మునిగిపోతాడు. ముందుకు వంగి కూర్చోవాలని అతను చూస్తుంటే కూర్చోనివ్వండి. స్పృహలో లేకపోతే పక్కకు తిప్పండి. ఈ రెంటిలో ఏది ముంచుకొస్తోందో చూసి నిర్ణయించాలి, సాధారణంగా ఊపిరిదే పైచేయి. నోటికి మంచినీళ్లు కూడా పట్టకూడదు.

కాలర్ వేయాలా?

ఇక్కడ అంకెలు మాట్లాడతాయి. 2010లో అమెరికా జాతీయ ట్రామా డేటా బ్యాంకు నుంచి 45,284 మంది గుచ్చుకున్న గాయాల బాధితుల వివరాలు తీసి చూశారు. వెన్ను కదలకుండా బిగించి తెచ్చినవాళ్లలో మరణాలు 14.7 శాతం, బిగించనివాళ్లలో 7.2 శాతం. ఒకరికి మేలు జరగాలంటే 1,032 మందిని బిగించాలి. ప్రతి 66 మందిని బిగిస్తే ఒక ప్రాణం అదనంగా పోతుందని లెక్క తేలింది. ఇది రికార్డులు తిరగేసి చేసిన పని, రోగులను పంచి చేసిన ప్రయోగం కాదు. కాబట్టి ఆ తేడా అంతా కాలర్ వల్లే వచ్చిందనడం అతి అవుతుంది. కానీ నష్టం ఎలా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. బోర్డు మీద కట్టడానికి నిమిషాలు పోతాయి. కాలర్ కింద వాపు పెరుగుతున్నా, శ్వాసనాళం పక్కకు జరుగుతున్నా, చర్మం కింద గాలి చేరుతున్నా కనబడవు. ఊపిరి కోసం గొంతులోకి ట్యూబ్ వేయబోతే నోరు తెరుచుకోదు. 2018లో అమెరికాలోని ఈస్ట్ (EAST) అనే ట్రామా సర్జన్ల సంఘం కూడా గుచ్చుకున్న గాయాల్లో వెన్ను బిగించవద్దనే చెప్పింది.

అయితే మన దగ్గర తరచుగా కనిపించే ఒక గాయం ఈ విభజనకు లొంగదు. బైకు మీద వేగంగా పోతున్నవాడి గొంతుకు మాంజా తగులుతుంది, గొంతు తెగుతుంది, ఆ వెంటనే బండి మీంచి పడతాడు. అంటే పదునైన గాయమూ, మొద్దు దెబ్బా ఒకేసారి. పొడిచి మేడ మీంచి తోసేసినప్పుడూ ఇంతే. అలాంటప్పుడు కాలర్ పక్కన పెట్టి, ఒకరు తల దగ్గర కూర్చుని రెండు అరచేతులతో తలను నిటారుగా పట్టుకోవడం మేలైన ఎంపిక. గాయం కళ్లెదుటే ఉంటుంది, మెడా కదలదు. రక్తం, ఊపిరి అదుపులోకి వచ్చాక సీటీ తీసి పూసల సంగతి తేల్చుకోవచ్చు. నైలాన్, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. అయినా ప్రతి జనవరిలో ఈ గొంతులు క్యాజువాలిటీకి వస్తూనే ఉన్నాయి.

దగ్గరి ఆసుపత్రా, పెద్దాసుపత్రా?

వేలితో నొక్కితే నెత్తురు ఆగి, మాట స్పష్టంగా వస్తూ ఉంటే దారిలో ఎక్కడా ఆగకుండా 24 గంటలూ సీటీ, సర్జన్, బ్లడ్ బ్యాంకు ఉన్న చోటికే పోవాలి. మధ్యలో చిన్న ఆసుపత్రిలో ఆగి కుట్లు వేయించడం వల్ల గంట పోవడమే కాదు, పైన చర్మం మూసుకుని లోపల రక్తం గడ్డకట్టి శ్వాసనాళాన్ని నొక్కేస్తుంది. గొంతు బొంగురుపోవడం, గురక లాంటి చప్పుడు, వాపు ఎక్కువవడం మొదలైతే మాత్రం ట్యూబ్ వేయగల అతి దగ్గరి చోటే సరైనది. పెద్దాసుపత్రి దాకా పోయి చూద్దాం అనే బేరం వద్దు. ‘పోలీసు కేసు, మేం ముట్టుకోం’ అనే మాట చెల్లదు. ముందు చికిత్స, తర్వాతే లాంఛనాలు అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. ఆ బాధ్యత ప్రభుత్వ డాక్టరుకూ ప్రైవేటు డాక్టరుకూ సమానమే.

ట్యూబ్: నోటి నుంచా, గాయం నుంచా, కోసి వేయాలా?

ఆక్సిజన్ బాగానే ఉంది, వాపు పెరుగుతోంది అన్నప్పుడు ఆలస్యం చేయకండి. అరగంట తర్వాత అదే గొంతులో దారి కనపడదు. నోటి నుంచి వేయడం చాలామందికి కుదురుతుంది. మత్తుకు కెటమిన్ కిలోకు 1 నుంచి 2 మి.గ్రా., షాక్‌లో ఉంటే అందులో సగం. సక్షన్లు రెండు, ఒక బూజీ (ట్యూబ్‌కు దారి చూపే సన్నటి కడ్డీ), మామూలు కంటే ఒక సైజు చిన్న ట్యూబ్ దగ్గర ఉండాలి. మెడ మీద కోయాల్సిన చోటును ముందే పెన్నుతో గుర్తు పెట్టుకుని మొదలుపెట్టాలి.

శ్వాసనాళం తెగిందన్న అనుమానం ఉంటే లెక్క మారుతుంది. గాయంలోంచి గాలి బుడగలు రావడం, చర్మం కింద వేలు పెడితే కరకరలాడటం దానికి గుర్తులు. అప్పుడు కండరాలు సడలించే మందు ఇస్తే, తెగిన రెండు కొసలనూ దగ్గరగా పట్టి ఉంచిన బిగువు పోయి దారి పూర్తిగా మూసుకుపోవచ్చు. అంబు బ్యాగ్‌తో గట్టిగా ఊదితే గాలి ఊపిరితిత్తుల్లోకి పోకుండా మెడలోకి, ఛాతీలోకి ఎక్కి ముఖం ఉబ్బిపోతుంది. ఇలాంటివాళ్లకు మత్తు తక్కువగా ఇచ్చి, సొంతంగా ఊపిరి తీస్తుండగానే ఫైబర్ ఆప్టిక్ స్కోపు మీదుగా ట్యూబ్ దింపడం మంచిది.

మాంజా గాయాల్లో శ్వాసనాళం బార్లా తెరుచుకుని ఎదురుగా కనిపిస్తుంటే నోటి నుంచి ప్రయత్నించడం దండగ. తెగిన కింది కొసను ఆలిస్ ఫోర్సెప్స్‌తో పట్టుకుని, 6 సైజు కఫ్ ట్యూబును నేరుగా అందులోకి పంపండి. పట్టుకోకుండా తోస్తే ఆ కొస ఛాతీలోకి జారిపోతుంది. ట్యూబ్ మరీ లోతుగా పోతే కుడి ఊపిరితిత్తికే గాలి వెళ్తుంది కాబట్టి కఫ్ కనుమరుగవగానే ఆగాలి.

ఏదీ కుదరకపోతే క్రైకోథైరాయిడాటమీ, అంటే గొంతు ముందున్న పొరను కోసి ట్యూబ్ వేయడం: 10వ నంబరు బ్లేడు, బూజీ, 6 సైజు ట్యూబ్. వాపులో గుర్తులు చేతికి తగలకపోతే ముందు చర్మాన్ని నిలువుగా 3, 4 సెంటీమీటర్లు కోసి, వేలితో పొర వెతికి, అక్కడ అడ్డంగా కోయాలి. గాయం ఆ పొరకు కింద ఉంటే దీనివల్ల లాభం లేదు, శ్వాసనాళాన్నే కోసి ట్యూబ్ వేసే ట్రాకియాస్టమీయే దారి.

నెత్తురు: వేలా, ఫోలీ బెలూనా?

వేలు ఆగినంతసేపూ వేలే మేలు. కాలర్ బోన్ వెనక నుంచో, దవడ కోణం పైనుంచో వచ్చే నెత్తురును వేలు అందుకోలేదు. అక్కడ ప్రతి వార్డులోనూ దొరికే మూత్రం గొట్టం (ఫోలీ) ప్రాణం నిలబెడుతుంది. కత్తిపోట్లు విపరీతంగా చూసే కేప్‌టౌన్ సర్జన్లు ఈ పద్ధతిని బాగా వాడి 2006లో ఫలితాలు ప్రచురించారు.

18 లేదా 20 సైజు ఫోలీని గాయం దారి వెంట, బలవంతం చేయకుండా పోయినంత దూరం పంపండి. బెలూనులోకి స్టెరైల్ వాటర్ కొద్దికొద్దిగా ఎక్కించాలి. నెత్తురు ఆగినా, సిరంజికి చేతిలో బిగువు తెలిసినా ఆపేయాలి. సాధారణంగా 10 నుంచి 15 మి.లీ. దగ్గర ఆగుతుంది. గొట్టం రంధ్రంలోంచి నెత్తురు వస్తుంటే బెలూనుకు అవతల ఇంకా కారుతోందని అర్థం. అది చూసుకున్నాక క్లాంపు వేసి, చర్మాన్ని గొట్టం చుట్టూ గట్టి సిల్కు దారంతో బిగించి కుట్టాలి. ఈ కుట్టు మరిస్తే బెలూను బయటికి జారి వచ్చేస్తుంది. పక్కల నుంచి ఇంకా కారుతుంటే రెండో ఫోలీ పెట్టవచ్చు. బెలూను శ్వాసనాళాన్ని నొక్కవచ్చు, కారోటిడ్ మీద పడి నాడి మందగించవచ్చు, అందుకే ట్యూబ్ విషయం ముందే చూసుకోవాలి. నెత్తురు ఆగితే సీటీ యాంజియో (రక్తనాళాలు కనిపించేలా మందు ఎక్కించి తీసే సీటీ)కు, ఆగకపోతే థియేటర్‌కు. పరీక్షలో పెద్ద గాయం లేదని తేలితే 48 నుంచి 72 గంటల తర్వాత థియేటర్‌లోనే బెలూను తగ్గించి తీస్తారు, వార్డులో కాదు.

నెత్తురు కారడం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ 1 గ్రాము 10 నిమిషాల్లో, తర్వాత ఇంకో గ్రాము 8 గంటల మీద. గాయమైన 3 గంటల్లోపైతేనే. ఆ గడువు దాటాక మొదలుపెడితే మేలు లేదు సరికదా, నష్టమని క్రాష్-2 పరిశోధన వివరాలను 2011లో విడదీసి చూసినప్పుడు తేలింది.

థియేటరా, సీటీనా?

1969 నుంచి మెడను మూడు జోన్లుగా చూడటం అలవాటు. కాలర్ బోన్ నుంచి క్రైకాయిడ్ (గొంతు ముందు ఉంగరంలా ఉండే మృదులాస్థి) వరకు మొదటిది, అక్కడి నుంచి దవడ కోణం దాకా రెండోది, ఆపైన పుర్రె అడుగు దాకా మూడోది. రెండో జోన్‌లో గాయం చర్మం కింద పలచగా పరుచుకున్న ప్లాటిస్మా కండరం దాటితే చాలు, తెరిచి చూడాలనేది పాత పద్ధతి. అందులో చాలా ఆపరేషన్లు ఏమీ దొరక్క మూసేసినవే. చర్మం మీద రంధ్రం రెండో జోన్‌లో ఉన్నా కత్తి మొన మొదటి జోన్‌లోకి దిగి ఉండొచ్చు. అందుకే ఇప్పుడు జోన్ కంటే లక్షణాలకే ఎక్కువ విలువ. సర్జన్ ఎటు నుంచి కోయాలో ఆలోచించుకోవడానికి మాత్రం జోన్లు ఇప్పటికీ పనికొస్తాయి.

చిమ్మే నెత్తురు, క్షణక్షణానికి పెరిగే వాపు, వాపు మీద చేయి పెడితే ఝుమ్మనడం, గాయంలోంచి గాలి బుడగలు, ఫ్లూయిడ్లకు లొంగని షాక్, పక్షవాతం: వీటిలో ఏది ఉన్నా నేరుగా థియేటర్. సీటీ టేబుల్ మీద ఆగిన గుండెను తిరిగి కొట్టించడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. మింగితే నొప్పి, గొంతు బొంగురు, పెరగని వాపు, చర్మం కింద కొద్దిగా గాలి ఉండి మనిషి నిలకడగా ఉంటే సీటీ యాంజియో. డ్రిప్ సూది గాయానికి అటువైపు చేతికి పెట్టండి. అదే వైపు పెడితే ఎక్కించిన రక్తం తెగిన సిరలోంచి మెడలోకే కారొచ్చు, పైగా కాంట్రాస్టు మెరుపు సీటీలో చూడాల్సిన చోటును కప్పేస్తుంది. ప్లాటిస్మా దాటలేదని కళ్లతో తేలితే కడిగి, కుట్లు వేసి, టీడీ (ధనుర్వాతం టీకా) 0.5 మి.లీ. ఇచ్చి పంపవచ్చు. లోతు తెలుసుకోవడానికి ప్రోబ్‌తోనో వేలితోనో కెలకడం మాత్రం వద్దు, గడ్డ కట్టింది ఊడి వస్తుంది.

సీటీ రక్తనాళాలను బాగా పట్టేస్తుంది. అది మోసం చేసేది అన్నవాహిక దగ్గర. మొదటిరోజు ఏమీ ఉండదు, రెండో రోజు జ్వరం, మూడో రోజు ఛాతీలో చీము. గాయం దారి అన్నవాహిక పక్కగా పోయిందంటే నీటిలో కరిగే కాంట్రాస్టు మింగించి ఎక్స్‌రే, దానితోపాటు ఎండోస్కోపీ, రెండూ మొదటి 24 గంటల్లో చేయించాలి. ఒక్కటే చేసి ఊరుకుంటే కొన్ని తప్పిపోతాయి. శ్వాసనాళానికీ చిల్లు ఉందన్న అనుమానం ఉంటే గ్యాస్ట్రోగ్రాఫిన్ వాడొద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే నీరు చేరుతుంది. అయోహెక్సాల్ లాంటిది వాడాలి.

రక్తనాళాల్లో దేన్ని బాగు చేయాలి, దేన్ని కట్టేయాలి అన్నది కొంత సూటిగానే ఉంటుంది. కారోటిడ్‌ను బాగు చేయడానికే ప్రయత్నించాలి, పక్షవాతం మొదలైనా సరే. లోతైన కోమాలోకి వెళ్లి చాలాసేపైతే అది వేరే సంగతి. జుగులర్ ఒకవైపు కట్టేసినా ఫర్వాలేదు, రెండు వైపులా కట్టకూడదు. వెన్నుపూసల రంధ్రాల్లోంచి పోయే వర్టిబ్రల్ ధమనిని కోసి పట్టుకోవడం ఎముక అడ్డం వల్ల కష్టం, కాయిల్స్ (నాళం లోపలి నుంచి పెట్టే సన్నటి తీగచుట్టలు)తో మూయించడమే మెరుగు. కాలర్ బోన్ వెనక చేతికి పోయే సబ్‌క్లేవియన్ ధమనికి కవర్డ్ స్టెంట్ దొరికితే ఛాతీ తెరిచే పని తప్పుతుంది.

వెన్నులో దిగితే: ఆపరేషనా, ఆగి చూడటమా?

కత్తిపోటు వెన్నుపాములో సగాన్నే తెంచినప్పుడు ఒక వింత కనబడుతుంది. దెబ్బ తగిలిన వైపు కాలు కదలదు. రెండో వైపు కాలు కదులుతుంది కానీ సూది గుచ్చినా, ఐస్ పెట్టినా తెలియదు. ఇది బ్రౌన్ సెకార్డ్ లక్షణం, వెన్నుపాము గాయాలన్నిట్లోనూ కోలుకునే అవకాశం ఎక్కువ ఉన్న రకం. ఆపరేషన్ చేయకపోయినా చాలామంది మళ్లీ నడుస్తారు. ఇంట్లోవాళ్లకు ఈ మాట మొదటిరోజే చెప్పాలి.

వీపులో ప్రతి కత్తిపోటుకూ ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఎక్స్‌రే తీయండి. ఎముకలో విరిగి మిగిలిపోయిన కత్తి మొన పైకి కనపడదు. లోహం లోపల ఉండగా ఎంఆర్ఐ వద్దు. ఉక్కు ముక్క అయస్కాంతానికి కదిలి మిగిలిన వెన్నుపామును కోయవచ్చు. సీటీతోనే నిర్ణయం తీసుకోవచ్చు.

ఆపరేషన్ ఎవరికి? లోపల ముక్క ఉండి బలహీనత గంటగంటకూ పెరుగుతున్నవాళ్లకు, మెదడు నీరు ఆగకుండా కారుతున్నవాళ్లకు, సగం పని చేస్తున్న పామును ఎముక ముక్కో నెత్తుటి గడ్డో నొక్కుతున్నవాళ్లకు, కత్తి ఇంకా దిగబడే ఉన్నవాళ్లకు. మొదటి నిమిషం నుంచే రెండు కాళ్లూ పూర్తిగా పడిపోయి, పామును నొక్కేది ఏదీ లేకపోతే ఆపరేషన్ వల్ల కాళ్లు రావు. తూటా అయితే ఎక్కడ ఉందన్నది ముఖ్యం. 12వ ఛాతీ పూస నుంచి 4వ నడుము పూస దాకా ఉన్న కాలువలో తూటా ఉంటే తీసేయడం వల్ల కదలికలు మెరుగుపడ్డాయని 1991లో అమెరికాలో తేలింది. మెడ, ఛాతీ భాగాల్లో ఆ లాభం కనిపించలేదు. డిస్కులో చిక్కుకున్న సీసం మాత్రం కాలక్రమంలో రక్తంలోకి కరిగే అవకాశం ఉంది, దాన్ని గమనిస్తూ ఉండాలి.

స్టెరాయిడ్ ఇవ్వాలా? వద్దు. మిథైల్ ప్రెడ్నిసొలోన్‌కు పేరు తెచ్చిన పరీక్షల్లో తూటా గాయాలవారిని తీసుకోనే లేదు. తర్వాత గుచ్చుకున్న గాయాల్లో విడిగా చూస్తే నరాలకు మేలు కనపడలేదు, ఇన్ఫెక్షన్లూ కడుపు సమస్యలూ వచ్చాయి. ఇంకా కొన్ని చోట్ల అలవాటుగా రాసేస్తున్నారు.

యాంటీబయాటిక్ మామూలు పోటుకు కొద్ది రోజులు చాలు. తూటా పెద్దపేగు గుండా పోయి వెన్నులో ఆగితే అన్ని రకాల క్రిములకూ పనిచేసేవి కనీసం 7 రోజులు.

అన్నిటికంటే తలనొప్పి తెచ్చేది బీపీ. నెత్తురు పోతున్నవాడికి పై బీపీ 80, 90 దగ్గరే ఆపాలంటారు, ఎక్కువైతే గడ్డ ఊడుతుందని. వెన్నుపాముకు దెబ్బ తగిలినవాడికి సగటు బీపీ 85 నుంచి 90 ఉంచాలంటారు, 7 రోజుల దాకా. 2024 నాటి మార్గదర్శకాలు కింది హద్దును 75, 80కి సడలించాయి. ఒకే మనిషిలో రెండూ ఉంటే? నెత్తురు ఆపడమే దీనికి జవాబు. అది ఆగేదాకా తక్కువ బీపీని భరించి, నిమిషాల్లో థియేటర్‌కు చేర్చి, ఆగిన వెంటనే నార్ అడ్రినలిన్‌తో పెంచాలి. బీపీ తక్కువ, నాడి నెమ్మది, చేతులు వెచ్చగా ఉంటే న్యూరోజెనిక్ షాక్ (వెన్నుపాము దెబ్బతో బీపీ పడిపోవడం) అనిపిస్తుంది. అలా అనిపించినా ఛాతీ, పొట్ట స్కాన్ చేసి లోపలి రక్తస్రావం లేదని తేల్చుకునేదాకా ఆ పేరు రాయకండి.

మెడలో 5వ పూస పైన దెబ్బ తగిలితే ఊపిరి కండరం కూడా బలహీనపడుతుంది. ఆక్సిజన్ మీటర్ 98 చూపిస్తుండగానే అలసిపోతారు. ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలరో గంటకోసారి చూడండి, తగ్గుతుంటే ఎదురుచూడకుండా ట్యూబ్ వేయండి.

ఏమీ దొరకనప్పుడు: ఇంటికా, వార్డుకా?

ప్లాటిస్మా దాటింది, సీటీ శుభ్రంగా ఉంది, లక్షణాలు లేవు అనుకుంటే 24 గంటలు ఉంచడం మేలు. వాపు అంచు వెంట పెన్నుతో గీత గీసి, పక్కనే టైమ్ రాయండి. గంటకోసారి పేరు చెప్పించి గొంతు వినండి, చర్మం కింద గాలి చేతితో తడిమి చూడండి, రెండు వైపులా నాడి పోల్చండి. గీత దాటి వాపు పెరిగిందంటే డ్యూటీ మారే దాకా ఆగకుండా సర్జన్‌ను పిలవాలి. చొక్కా విప్పేటప్పుడు కత్తి దిగిన చిల్లు మీదుగా కత్తెర వేయొద్దు. బట్టల్నీ, తీసిన ఆయుధాన్నీ ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి, ప్లాస్టిక్ కవర్లో తేమకు ఆనవాళ్లు పాడవుతాయి. గాయం పొడవు, ఏ జోన్, అంచులు ఎలా ఉన్నాయో సర్జన్ కోత పెట్టకముందే ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) రిజిస్టరులో రాసేయాలి. ఆ తర్వాత అసలు గాయం ఏదో, కోత ఏదో ఎవరూ చెప్పలేరు.